పది కిలోల పెట్టె.. పదిహేను రూపాయల ముక్క

"పది కేజీలుంటది సార్. మూడొందలిస్తా."

పాత సామాన్ల బండి అతను ఆ పెట్టెని రెండు చేతులతో ఎత్తి, దింపి చెప్పిన రేటు అది. తెనాలి బోసు రోడ్డు పక్క సందులో మా బాబాయి టీవీ రిపేర్ షాపు. ముప్పై ఏళ్ల షాపు. నెలాఖరుకి ఖాళీ చేసి తాళాలు ఇచ్చేయాలి. పాత పిక్చర్ ట్యూబులు, ట్రాన్స్‌ఫార్మర్లు, సగం విప్పిన సెట్‌టాప్ బాక్సులు అన్నీ అప్పటికే బండెక్కేశాయి. బల్ల మీద ఈ ఒక్కటే మిగిలింది.

బాబాయి అవునని అనలేదు, కాదని అనలేదు. పెట్టె మీది దుమ్ము తువ్వాలుతో తుడుస్తూ నిలబడ్డాడు. అమ్మేసే వస్తువుని ఎవరైనా తుడుస్తారా? అది చూసి నోరు జారాను.

"నెలాఖరు దాకా ఉంచు బాబాయ్. నేను బాగు చేస్తా."

"నువ్వా?" అన్నాడు. అందులో వెటకారం ఏమీ లేదు. నిజంగానే అడిగాడు. నాది ఈసీఈ డిగ్రీయే. కానీ కాలేజీ ల్యాబులో ఆ పరికరం నాబ్ తిప్పడం తప్ప మూత విప్పి చూసింది లేదు. ఆరేళ్లుగా చేస్తున్నది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నా చేతిలో ఏదైనా పాడైతే రీస్టార్ట్ చేయడమే తెలుసు.

అయినా మాట ఇచ్చేశాను. చేతిలో నాలుగు వీకెండ్‌లు ఉన్నాయి.

ఇంతకీ ఏమిటా పెట్టె?

ఆసిలోస్కోప్. ఇంజినీరింగ్ చదివినవాళ్లకి సీఆర్‌వో అంటే తెలుస్తుంది. మల్టీమీటర్ వోల్టేజీ ఎంత ఉందో చెబుతుంది. స్కోప్ ఆ వోల్టేజీ క్షణక్షణానికీ ఎలా మారుతోందో పచ్చటి గీతగా గీసి చూపిస్తుంది. ఒకటి థర్మామీటర్ అనుకుంటే రెండోది ఈసీజీ.

మా బాబాయిది టెక్‌ట్రానిక్స్ 465. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో 1946లో పుట్టిన కంపెనీ అది. ఈ మోడల్ 1972లో వచ్చింది. రెండు చానళ్లు, 100 మెగాహెర్ట్జ్. పైన చేతిపిడి కూడా ఉంటుంది, ఎక్కడికైనా మోసుకెళ్లమని. బాబాయి దీన్ని 1998లో హైదరాబాద్‌లో ఒక వేలంలో కొన్నాడు. పిన్ని గాజుల డబ్బు అందులో కలిసిందని ఇంట్లో ఇప్పటికీ అంటారు. టౌన్లో మిగతా మెకానిక్‌లు చేతులెత్తేసిన టీవీలు బాబాయి దగ్గరికి రావడానికి కారణం ఈ పెట్టే. పన్నెండేళ్ల క్రితం ఒకరోజు గీత మాయమైంది. అప్పటికే పాత డబ్బా టీవీలు రావడం తగ్గిపోయింది. బాబాయికి చేతి వణుకు మొదలైంది. సోల్డరింగ్ ఐరన్ పట్టుకోలేని మనిషికి బాగు చేయాలనే ఆశ ఎక్కడి నుంచి వస్తుంది?

మొదటి వారం: ఒక బల్బు, ఒక పీడీఎఫ్

నేను నేరుగా ప్లగ్ పెట్టబోయాను. బాబాయి చెయ్యి అడ్డం పెట్టాడు. "సిరీస్ బోర్డు మీద పెట్టరా ముందు."

వంద వాట్ల పాత బల్బుని కరెంటు దారిలో సిరీస్‌లో పెట్టడమే ఆ సిరీస్ బోర్డు. లోపల పెద్ద షార్ట్ ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది. పరికరం కాలిపోదు. మన దగ్గర ప్రతి మెకానిక్ షాపులోనూ ఉండే సేఫ్టీ ఇది. బల్బు ఒకసారి మెరిసి, కొంచెం తగ్గి, అలాగే ఉండిపోయింది. "ఎక్కడో లాగేస్తోంది" అన్నాడు బాబాయి.

ఇక మాన్యువల్. బాబాయి దగ్గర ఎప్పుడూ లేదు. నెట్‌లో స్కాన్ చేసిన పీడీఎఫ్ దొరికింది. ఫోన్లో తెరిచి చూసి ఆశ్చర్యపోయాను. సర్క్యూట్ మొత్తం గీసి ఉంది. ఏ పాయింట్‌లో ఎంత వోల్టేజీ ఉండాలి, సిగ్నల్ ఏ ఆకారంలో కనిపించాలి, ఏ పార్టు విలువ ఎంత, అన్నీ ఉన్నాయి. ఇప్పుడు మనం కొనే ఫోన్‌తో వచ్చే కాగితం గుర్తు తెచ్చుకోండి. చార్జర్ ఎలా పెట్టాలో బొమ్మ ఉంటుంది, అంతే. ఆ రోజుల్లో కంపెనీ తన వస్తువుని ఎవరో ఒకరు విప్పుతారనే అనుకుని పుస్తకం రాసింది.

ఆ పుస్తకం ప్రకారం 465 లోపల ప్రధానంగా ఐదు సప్లైలు: 110, 55, 15, 5, మైనస్ 8 వోల్టులు. బాబాయి రూల్ ఒకటే. "గీత గురించి ఆలోచించకు. ముందు సప్లైలు చూడు." చూశాను. 15 ఉండాల్సిన చోట దాదాపు సున్నా. అది కూర్చుండిపోవడంతో మిగతావీ తేడాగా ఉన్నాయి.

కరెంటు తీసేసి, ఆ 15 వోల్టుల లైనుకీ గ్రౌండ్‌కీ మధ్య రెసిస్టెన్స్ చూస్తే రెండే ఓములు. అంటే షార్ట్. కానీ ఎక్కడ? ఆ లైను స్కోప్ అంతటా తిరుగుతుంది. దారి పొడవునా కండెన్సర్లు ఉన్నాయి. (పుస్తకాల్లో కెపాసిటర్. ఏ షాపుకి వెళ్లినా కండెన్సరే.) అన్నీ ఒకే లైనుకి పారలల్‌గా ఉన్నాయి కాబట్టి ఏది కొలిచినా షార్ట్ అనే చూపిస్తుంది. వీధిలో ఒక ఇంట్లో పంపు విప్పి వదిలేస్తే అందరి ఇళ్లలోనూ నీళ్ల ప్రెషర్ పడిపోయినట్టు. ఏ ఇల్లో ఎలా కనిపెట్టాలి?

నాకు తోచింది ఒక్కటే. ఒక్కొక్కటీ విప్పి చూడటం. బగ్ దొరకనప్పుడు కోడ్ లైన్లు ఒక్కొక్కటీ కామెంట్ చేసినట్టు. బాబాయి నవ్వాడు. "యాభై ఏళ్ల బోర్డురా అది. విప్పినచోటల్లా ట్రాక్ లేచిపోద్ది."

ఆయన చెప్పిన పద్ధతి ఇది. స్కోప్‌కి కరెంటు లేకుండా, బయట నుంచి ఒక చిన్న పవర్ సప్లైతో ఆ లైనులోకి ఒక్క వోల్టు మాత్రం ఎక్కించాలి. కరెంటు లిమిట్ పెట్టాలి. ఒక్క వోల్టుతో మంచి పార్టులకు ఏమీ కాదు. షార్టయిన ముక్క మాత్రం వేడెక్కుతుంది. దాన్ని కనిపెట్టడానికి బోర్డు మీద బ్రష్‌తో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పూయాలి (దగ్గర్లో నిప్పూ, వేడి సోల్డరింగ్ ఐరనూ లేకుండా). అంతా తడిగా మెరుస్తుంది. వేడెక్కిన ముక్క దగ్గర మాత్రం ముందుగా ఆరిపోతుంది.

ఇద్దరం బోర్డు మీదకి వంగి చూశాం. పది సెకన్లు. ఒక మూల, కందిగింజ కన్నా కొంచెం పెద్దగా ఉన్న నీలం చుక్క చుట్టూ తడి చకచకా ఆరిపోయింది.

"అదే దొంగ" అన్నాడు బాబాయి.

టాంటలం కండెన్సర్. పాతబడిన టాంటలాలు పోయేటప్పుడు ఎక్కువగా షార్టయి పోతాయి. ఇందులో కంపెనీ తప్పేం లేదు. ఇంత కాలం పనిచేసిన ముక్క మీద ఇంకేం కంప్లైంట్ ఇస్తాం?

గుజరాతీ గల్లీలో ఒక ప్రశ్న

హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ పార్టులు అంటే కోఠి గుజరాతీ గల్లీ. చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్‌పీ రోడ్డు, ముంబైలో లామింగ్టన్ రోడ్డు ఎలాగో మనకది అలాగ. శనివారం ఉదయం చచ్చిన ముక్క ఫొటోతో, పార్ట్స్ లిస్టులోని కంపెనీ నంబర్‌తో వెళ్లాను. మూడు షాపుల్లో "లేదు" అన్నారు. నాలుగో షాపాయన ఫోన్ పక్కకి తోసి అడిగాడు. "నంబరు తర్వాత. ఇది యాడ పెడ్తరు? ఎంత వోల్టేజీ మీద?"

ఆ ప్రశ్న దగ్గరే నాకు లైట్ వెలిగింది. నేను వెతుకుతున్నది ఒక నంబర్‌ని. వెతకాల్సింది ఆ ముక్క చేసే పనిని.

టెక్‌ట్రానిక్స్ ప్రతి పార్టుకీ సొంత నంబర్ ఇచ్చుకునేది. ఉదాహరణకి పార్ట్స్ లిస్టులో ట్రాన్సిస్టర్ 151-0190-00 అని కనిపిస్తుంది. పాతకాలపు అరుదైన సరుకు అనిపిస్తుంది కదా? అది మామూలు 2ఎన్3904. కాలేజీ ప్రాజెక్టుల్లో గుప్పెళ్లతో వాడే ట్రాన్సిస్టర్. ఈ నంబర్లకి అసలు పేర్లు చెప్పే పట్టికలు నెట్‌లో ఉన్నాయి. పట్టిక చూడకుండా నంబర్‌తో వెతికితే రూపాయల ముక్కకి డాలర్లు పోస్తాం.

మరి నా కండెన్సర్ పని? 15 వోల్టుల లైనుని నిలకడగా ఉంచడం, అంతే. అంటే విలువ దాదాపు అంతే ఉండాలి, తట్టుకునే వోల్టేజీ ఎక్కువ ఉండాలి. టాంటలం అయితే పనిచేసే వోల్టేజీకి కనీసం రెట్టింపు రేటింగ్ ఉన్నది పెట్టడం మంచి అలవాటు. షాపాయన 35 వోల్టులది ఇచ్చాడు. పదిహేను రూపాయలు. నాలుగు తీసుకున్నా.

రెండో వారం తెనాలిలో నేను సోల్డర్ చేస్తుంటే బాబాయి టార్చ్ పట్టుకున్నాడు. వెలుగు కాస్త వణుకుతూనే ఉంది. ముక్క పెట్టబోతుంటే "ఆగు, ఆ గీత ఎటుంది?" అన్నాడు. గీత ఉన్న కాలు మైనస్ అనుకుని గ్రౌండ్ వైపు తిప్పాను. మామూలు అల్యూమినియం కండెన్సర్లకి అదే నిజం. కానీ టాంటలం చుక్కల మీద గుర్తు ప్లస్ కాలు వైపు ఉంటుంది. తిరగేసి పెట్టి ఉంటే ఆ కొత్త ముక్క అక్కడికక్కడే కాలిపోయేది. నాలుగేళ్ల డిగ్రీలో ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదు. చెప్పినా నేను వినలేదేమో.

సిరీస్ బోర్డు మీద పెట్టి స్విచ్ వేశాం. బల్బు మసకబారింది. 15 దగ్గర 15 వచ్చింది. నిమిషం తర్వాత తెర మీద పచ్చటి గీత.

కానీ తిన్నగా లేదు. అలల్లా ఊగుతోంది.

నాలుగు కాళ్లది కావాలి, రెండు కాళ్లదే ఉంది

బాబాయి కుర్చీలోంచి లేవకుండానే చెప్పాడు. "ట్రిగ్గర్ లైన్‌లో పెట్టు. టైము రెండు మిల్లీసెకన్లు." పెట్టాను. ఊగుతున్న అల ఆగి నిలబడింది. ఇంటి కరెంటుతో తాళం కలిసిందంటే ఆ అల వస్తున్నది ఇంటి కరెంటు నుంచే. తెర వెడల్పు పది గడులు, అంటే 20 మిల్లీసెకన్లు, మన 50 హెర్ట్జ్ కరెంటుకి సరిగ్గా ఒక చుట్టు. అందులో రెండు మూపురాలు. రెక్టిఫయర్ తర్వాత ఉండే పెద్ద ఫిల్టర్ కండెన్సర్ ఎండిపోయిందని లెక్క. జబ్బు చేసిన పరికరం తన ఈసీజీ తనే తీసి చూపించింది.

ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్ లోపల ద్రవం ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది ఆరిపోతుంది. వేడి ఎక్కువైతే ఇంకా త్వరగా. పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపు అని ఇంజినీర్లు ఒక మోటు లెక్క వాడతారు. అందుకే ఫ్యాన్ దుమ్ము దులపడం కూడా రిపేరే.

ఈ పెద్ద డబ్బా కండెన్సర్ వెతకడంలో రెండుసార్లు దెబ్బతిన్నాను.

మొదటిది ఆన్‌లైన్‌లో. పేరున్న బ్రాండ్ స్టిక్కర్‌తో చవగ్గా దొరికింది. చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఉంది. కొలిస్తే డబ్బా మీద రాసినదాంట్లో మూడో వంతు కూడా లేదు. ఆగిపోయిన పాత పార్టుల మార్కెట్‌లో ఇది మామూలే. ఐసీల మీద పాత అక్షరాలు గీకేసి కొత్తవి ముద్రిస్తారు. కండెన్సర్ తొడుగులు మార్చేస్తారు. కాబట్టి కొనగానే బోర్డులో పెట్టేయకుండా ముందు కొలవాలి. కాంపొనెంట్ టెస్టర్ అనే చిన్న పరికరం కొన్ని వందల రూపాయలకే వస్తుంది.

రెండో దెబ్బ నా స్వయంకృతం. గుజరాతీ గల్లీలో ఈసారి అసలైనదే దొరికింది. విలువ సరిపోయింది, వోల్టేజీ ఎక్కువే, 105 డిగ్రీల రకం. కొత్తవాటికి రెండే కాళ్లు. పాత డబ్బాకి అడుగున నాలుగు కాళ్లు. ఒకటి ప్లస్, మిగతా మూడూ గ్రౌండే. ప్లస్‌కి ఒకటి, గ్రౌండ్‌కి ఒకటి చాలు కదా అని పెట్టేశాను. మూడో వారం, ఆదివారం సాయంత్రం. రాత్రి ట్రైన్ ఉంది. స్విచ్ వేస్తే గీత లేదు. అల కూడా లేదు.

చెప్పొద్దూ, అప్పుడు నిజంగా భయమేసింది. ఎంతో కొంత పనిచేస్తున్నదాన్ని నేను చంపేశానా? బాబాయి మొహం వైపు చూడలేకపోయాను. "పోన్లేరా, ట్రైన్ టైమవుతోంది" అన్నాడు ఆయన.

ట్రైన్‌లో అప్పర్ బెర్త్ మీద పడుకుని ఫోన్లో సర్క్యూట్ పెద్దది చేసి చూస్తూ కూర్చున్నా. బోర్డు అడుగు భాగం ఫొటో పక్కన పెట్టి చూశా. ఆ మూడు గ్రౌండ్ కాళ్ల దగ్గరికి మూడు వేర్వేరు ట్రాకులు వస్తున్నాయి. ఆ మూడింటినీ కలుపుతున్నది బోర్డు కాదు, పాత డబ్బా ఒళ్లే! కండెన్సర్‌తో పాటు అది వంతెన పని కూడా చేస్తోంది. పార్ట్స్ లిస్టులో ఆ రెండో పని రాసి ఉండదు. నేను డబ్బా తీసేయగానే కొన్ని సర్క్యూట్లకి గ్రౌండ్ తెగిపోయింది.

బాబాయికి వాట్సాప్‌లో ఎర్రగీతలు గీసి ఫొటో పెట్టాను. రాత్రి పదకొండున్నరకి రిప్లై. "నాకు కూడా ఇప్పుడే అనిపించింది. రెండు వైరు ముక్కలు చాలు."

నాలుగో శనివారం రెండు వైరు ముక్కలు వేశాం. గీత వచ్చింది. సన్నగా, తిన్నగా.

డబ్బులిచ్చినా దొరకనివి

మా అదృష్టం ఏంటంటే పోయినవి రెండూ బజారులో దొరికే రకం పార్టులు. అన్నిసార్లూ అలా ఉండదు. టెక్‌ట్రానిక్స్ కొన్ని ఐసీలూ, పిక్చర్ ట్యూబులూ సొంతంగా తయారు చేసుకునేది. పార్ట్ నంబర్ 155తో మొదలైతే చాలావరకు ఆ సొంత ఐసీలే. బయట ఎవరూ తయారు చేయరు. 1980ల నాటి 2465 మోడల్‌లో యూ800 అనే సొంత ఐసీ వేడికి పోతుందని రిపేర్లు చేసేవాళ్లందరికీ తెలుసు. అలాంటిది పోతే ఒకటే దారి: చచ్చిపోయిన ఇంకో స్కోప్ నుంచి తీయడం. అందుకే రిపేర్లు చేసేవాళ్లు పాడైన స్కోపుల్ని కూడా పారేయరు.

ఇంకోటి మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి బాగా అర్థమయ్యేది. తర్వాతి తరం డిజిటల్ పరికరాల్లో చాలావాటిలో క్యాలిబ్రేషన్ లెక్కలు బ్యాటరీ మీద బతికే మెమరీ చిప్‌లో ఉంటాయి. కొన్నింట్లో ఆ బ్యాటరీ చిప్ లోపలే ఉంటుంది. అది చచ్చేలోపు డేటా కాపీ తీసుకుంటే కొత్త చిప్‌లో రాసుకోవచ్చు. చచ్చాక చిప్ దొరుకుతుంది, అందులోని లెక్కలు దొరకవు. బ్యాకప్ లేని సర్వర్ కథే ఇది కూడా.

మీరూ చేయాలనుకుంటే

మీ ఇంట్లోనో, కాలేజీ స్టోర్‌రూమ్‌లోనో ఇలాంటి పెట్టె ఉంటే, నేను నేర్చుకున్నవి ఇవి.

ట్యూబ్ ఉన్న పరికరంలో వేల వోల్టులు ఉంటాయి. ప్లగ్ తీసేశాక కూడా కొంతసేపు నిలవ ఉంటాయి. తెలిసినవాళ్లు పక్కన లేకుండా మూత విప్పొద్దు. మామూలు మల్టీమీటర్‌ని ఆ వైపు తీసుకెళ్లొద్దు.

మాన్యువల్ దొరికాకే పార్టులు కొనండి. ముందు సప్లై వోల్టేజీలు చూడండి.

"ఎందుకైనా మంచిది" అని అన్నీ మార్చేయొద్దు. పోయిందని తేలినదాన్నే మార్చండి. విప్పే ముందు ఫొటో తీయండి, ముఖ్యంగా అడుగు వైపు.

ఇంత కష్టం ఎందుకు, కొత్త డిజిటల్ స్కోప్ కొనుక్కోవచ్చు కదా అంటారా? కొనుక్కోవచ్చు. తేలిగ్గా ఉంటుంది, స్క్రీన్‌షాట్ కూడా తీస్తుంది. నాలుగు వీకెండ్‌ల ట్రైన్ టికెట్లు, పార్టులు, మోసపోయిన డబ్బు లెక్కేస్తే నేనేమీ మిగుల్చుకోలేదు. కానీ ఆ కొత్తది పాడైన రోజు దాని సర్క్యూట్ బొమ్మ నా చేతికి వస్తుందా? ప్రభుత్వం 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది. ఫోన్లు, వాహనాలు, వ్యవసాయ పరికరాలు, గృహోపకరణాల కంపెనీలు రిపేర్ సమాచారం అందరికీ ఇవ్వాలన్నది దాని ఉద్దేశం. యాభై ఏళ్ల కిందట ఒక కంపెనీ అడక్కుండానే పుస్తకంలో పెట్టి ఇచ్చినదాని కోసం మనం ఇప్పుడు పోర్టల్ పెట్టుకుని అడుగుతున్నాం.

తాళాలు ఇచ్చిన రోజు

నెలాఖరున షాపు ఖాళీ చేశాం. స్కోప్ బాబాయి ఇంటికి, హాల్లో కుట్టుమిషన్ పక్కకి చేరింది. పిన్ని ఒక్క మాట కూడా అనలేదు. గాజుల లెక్క గుర్తున్నట్టుంది.

మూత బిగించే ముందు బాబాయి మార్కర్ పెన్ అడిగాడు. వణికే చేతిని రెండో చేత్తో పట్టుకుని, కొత్త కండెన్సర్ మీద ఆ రోజు తేదీ రాశాడు. దాని పక్కన బోర్డు మీద, నేను వేసిన రెండు వైరు ముక్కల వైపు చిన్న బాణం గుర్తు పెట్టి "గ్రౌండ్, తీయకు" అని రాశాడు.

"మళ్లీ ఎవరు విప్పుతారు బాబాయ్ దీన్ని?" అన్నాను.

"ఎవడో ఒకడు విప్పుతాడులే" అని స్క్రూడ్రైవర్ నా చేతిలో పెట్టాడు.